రేగొండలో ఆగిన అంబాసిడర్

2011 నవంబరులో నేను జనగామలో మా శాఖ వర్క్‌షాపుకు ఫోర్‌మన్‌గ ఉన్న. ఇంజనీరింగ్ శాఖలలో అదొకటని చెప్తే చాలు, పేరుతో పనిలేదు. ఇప్పుడు జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడూ వేరువేరు జిల్లాలైనయి గని, అప్పుడు అన్నీ వరంగల్ జిల్లాలోనివే. ఆ మూడు దిక్కుల మా ఆఫీసుల జీపులు, కార్లు, రోడ్డు రోలర్లు ఏవి మొండికేసినా చివరికి మా షెడ్డుకే వచ్చేటివి. ఫోర్‌మన్ అంటే ఫిట్టర్లకు, చార్జ్‌మన్లకు పైన, అసిస్టెంట్ ఇంజనీరుకు కింద. పెద్ద కుర్చీ ఏం కాదు. అయితే ఒక అధికారం మాత్రం మాకుండె. ప్రభుత్వ బండి నడిరోడ్డు మీద ఆగినా, దేనికైనా తగిలినా, కారణం ఏందో తేల్చే సాంకేతిక నివేదిక మీద ఆఖరి సంతకం ఫోర్‌మన్‌దే. యంత్రంలో లోపం ఉన్నదని రాస్తే డ్రైవర్ బయటపడతడు. లోపం లేదని రాస్తే డ్రైవర్ మునుగుతడు. నడిమిట్ల ఇంకో మాట రాసే వీలు లేదు.

సకల జనుల సమ్మె విరమించి మేమంతా డ్యూటీలకు ఎక్కి ఎన్నో దినాలు కాలేదు. నెల దాటి తాళం పడ్డ షెడ్డు తెరిస్తే పానాలకు తుప్పు, బండ్లకు దుమ్ము, బ్యాటరీలన్నీ చల్లబడి ఉన్నయి. పని మెడ దాక ఉండె. అట్ల తలమునకలై ఉన్నప్పుడు భూపాలపల్లి నుంచి ఒక పాత అంబాసిడర్ వచ్చి గేటు కాడ ఆగింది. అది అక్కడి ఈఈ గారి కారు. ఈఈ అంటే ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు, డివిజన్‌కు పెద్ద. ఆయన హోదాకు కొత్త బండి తీసుకోవచ్చు, అయినా ఆ పాత కారు సీట్ల మీదనే ఆయనకు మోజు. ఏండ్ల నుంచి అదే బండి, అదే డ్రైవర్.

డ్రైవర్ పేరు సారయ్య. చిట్యాల మనిషి. బక్క పలుచని శరీరం, మాట తక్కువ. కారు దిగి నా చేతికి ఆఫీసు కాయిదం ఇచ్చి ఒక పక్కకు నిలబడ్డడు. బ్రేకులు పరీక్షించి లోపం ఉన్నదీ లేనిదీ స్పష్టంగ రాయాలని అందులో ఉన్నది. ఇది మూడో పరీక్ష అని కూడ ఉన్నది. మొదటి రెండు పరీక్షల్లో లోపం లేదనే తేలిందట.

సారయ్య ఎన్ఎంఆర్ డ్రైవర్. ఎన్ఎంఆర్ అంటే హాజరు పట్టీలో పేరుంటది, పని అందరితో సమానంగ ఉంటది, ఉద్యోగం మాత్రం పర్మనెంట్ కాదు. అట్ల చేసి చేసి జుట్టు నెరిసినంక, అతన్ని పర్మనెంట్ చేసే ఫైలు అప్పుడే పైకి కదిలింది. సరిగ్గ అదే టైంల ఈఈ గారు అతనికి మెమో ఇచ్చిండ్రు. అధికారిని అవమానం పాలు చెయ్యాలన్న ఉద్దేశంతో ఉద్యమకారుల నడుమ కావాలని కారు ఆపిండని అభియోగం. మూడో నివేదిక కూడ లోపం లేదని పోతే ఆ 'కావాలని' అన్న మాట ఖాయమైతది. ఫైలు వెనక్కి వస్తది. ఉన్న పని కూడ ఊడుతది.

సారయ్యను కూసోబెట్టి చాయ్ తాపి, ఏమైందో మొదటినుంచి చెప్పమన్న.

సమ్మె అయిపోయి డ్యూటీలో చేరిన వారంలోనే ఈఈ గారు వరంగల్‌లో మీటింగ్ ఉన్నదని పొద్దున భూపాలపల్లిలో బయలుదేరిండ్రట. బండి మంచిగనే లేసింది. ఊరు దాటి చాలా దూరం పోయినంక బండి బరువెక్కినట్టు అనిపించిందట. ఎక్సలేటర్ తొక్కితేనే పోతున్నది, కాలు తీస్తే ఎవరో ఎనుకనుంచి గుంజినట్టు ఆగుతున్నది. రేగొండ వచ్చేసరికి రోడ్డు మీద వంటావార్పు నడుస్తున్నది. తెలియని వాళ్ల కోసం చెప్తున్న, వంటావార్పు అంటే రాస్తారోకోకు మా దగ్గరి రూపం. నడిరోడ్డు మీద రాళ్లు పెట్టి పొయ్యి ముట్టిచ్చి, ఊరంతా అక్కడనే వండి, అక్కడనే తిని, నిరసన తెలుపుడు. ఈఈ గారి బండిని చూసి జనం మర్యాదగనే పక్కకు జరిగి తొవ్వ ఇచ్చిండ్రట. తొవ్వ ఇచ్చిండ్రు గని, బండి కదలలేదు. సరిగ్గ పొయ్యిల నడుమ నాలుగు చక్రాలు బిగుసుకొని ఆగిపోయింది.

"నేను గేరు మార్చిన, రేసు చేసిన, ఎంత చేసినా అంగుళం జరుగలే సార్. మంది నూకిండ్రు. అయినా జరుగలే," అన్నడు సారయ్య.

జనం ఈఈ గారికి కుర్చీ వేసిండ్రు. మంచినీళ్లు ఇచ్చిండ్రు. ఒక అవ్వ విస్తరాకుల కిచిడి పెట్టి పచ్చిపులుసు పోసి, తినేదాక ముందు నుంచి కదలలేదట. ఆయన కోస్తా మనిషి. భయానికి తిన్నరో, మొగమాటానికి తిన్నరో, ఆకలికి తిన్నరో నేను చెప్పలేను. తిన్నది మాత్రం నిజం. అంతల పొద్దు నెత్తి మీదికి వచ్చింది. అప్పుడు సారయ్య ఆఖరి ప్రయత్నంగ బండి స్టార్ట్ చేస్తే, ఏమీ జరగనట్టు వెన్నలో కత్తి పోయినట్టు ముందుకు పోయిందట. జనం చప్పట్లు కొట్టిండ్రు. తెల్లారి పేపర్ల ఈఈ గారు విస్తరి ముందు కూసున్న ఫోటో వచ్చింది, ఉద్యమానికి ఇంజనీరు మద్దతు అని కింద రాసి. ఇగ పైనుంచి ఫోన్లే ఫోన్లు.

ఆయన కోపంలో న్యాయం లేదని నేను అనను. సారయ్య సమ్మె అన్ని దినాలు భూపాలపల్లి టెంట్ల కూసున్న మనిషి. కిచిడి తినేదాక కదలని కారు, తిన్నంక కదిలిందంటే ఎవరికైనా అనుమానం వస్తది. నేను ఆ సీట్ల ఉన్నా అదే అనుకుందు.

మొదటి పరీక్ష భూపాలపల్లిలోనే ఒక ప్రైవేటు మెకానిక్ చేసిండు. రెండోది మహబూబాబాద్‌లో మా శాఖ చార్జ్‌మన్ చేసిండు. ఆయన నా దగ్గర పని నేర్చుకున్న మనిషి, చెయ్యి మంచిది, నిజాయితీ ఉన్నది. కారు మహబూబాబాద్ పోయేటప్పుడు తొవ్వలో మళ్లీ పట్టుకున్నదట. పొగలు కక్కుకుంట షెడ్డుకు చేరిందట. చార్జ్‌మన్ ఎదురు వచ్చి పరీక్ష మొదలు పెట్టేసరికి చక్రాలు బొంగరాల లెక్క తిరిగినయట. అయినా వదలకుండ ఆయన నాలుగు డ్రమ్ములు విప్పి చూసిండు. రబ్బరు వాషర్లు అనుమానం మీద కొత్తవి వేసిండు. ఏ లోపం కనబడక, లేదని రాసి పంపిండు. నాకు ఫోన్ చేసి, "ఖాజన్నా, బండిల ఏం లేదు. డ్రైవరే ఏదో ఆటాడిండు," అన్నడు.

సారయ్య మాత్రం ఒకే మాట మీద ఉన్నడు. మెకానిక్ చెయ్యి పడంగనే బండి మంచిగైతున్నదని, అదేం రోగమో తనకు తెల్వదని. అట్ల చెప్పుకుంట తన మాట మీద తనకే నమ్మకం పోతున్నట్టు చూసిండు. నేను అప్పటికి ముప్పై ఏండ్ల సర్వీసుల ఎన్నో అబద్ధాలు విన్న. డ్రైవర్లు అబద్ధం చెప్పదలచుకుంటే ఇంతకంటే మంచిగ చెప్తరు. నమ్మశక్యం కాని మాట చెప్పి దాని మీదనే నిలబడ్డడంటే ఇతను చూసిందే చెప్తున్నడని నాకు అనిపించింది.

బ్రేకు సంగతి చదివేవాళ్లకు జర చెప్పాలె. ఈ పాత కారుకు నాలుగు చక్రాలకూ డ్రమ్ములే. పెడల్ తొక్కితే బానెట్ కింద ఉన్న మాస్టర్ సిలిండర్ బ్రేక్ ఆయిల్‌ను సన్నని గొట్టాల నుంచి చక్రాలకు నూకుతది. అక్కడ అది లైనర్లు అతికిన బ్రేక్ షూలను డ్రమ్ముకు ఒత్తితే చక్రం ఆగుతది. కాలు తీస్తే స్ప్రింగులు షూలను వెనక్కి గుంజుతయి, ఆయిల్ తిరిగి మాస్టర్ సిలిండర్ మీది చిన్న డబ్బాలకు పోతది. ఆ డబ్బాకు ఒక మూత. బ్రేకు కంప్లైంటు వస్తే ప్రతి మెకానిక్ చేసే మొదటి పని ఆ మూత తీసి ఆయిల్ ఎంత ఉన్నదో చూసుడు. వైద్యుడు నాడి పట్టినట్టు అది మా అందరి అలవాటు. నేను నేర్పిందీ అదే.

అప్పుడే నాకు తట్టింది. భూపాలపల్లి మెకానిక్ మొదట ఏం చేసిండని సారయ్యను అడిగిన. మూత తీసి ఆయిల్ చూసిండన్నడు. మహబూబాబాద్‌ల? అక్కడా మూతనే తీసిండు. రేగొండలో ఎవరైనా బానెట్ ఎత్తిండ్రా అంటే, ఎవరూ ఎత్తలేదు, ఊకనే నిలబెడితే గంటలకు అదే వదిలిందన్నడు. జనగామకు వచ్చేటప్పుడు కూడ పట్టినప్పుడల్లా అట్లనే నిలబెట్టుకుంట తెచ్చిండట. అంటే బండి చల్లబడి వదలాలె, లేదంటే మూత తీస్తే వదలాలె. పరీక్ష చేసేవాళ్లు పరీక్షతోటే రోగం మాయం చేస్తున్నరన్నమాట. నా షెడ్డులో ఎవరూ బానెట్ ముట్టొద్దని చెప్పి, బండి తీయమన్న. జనగామ నుంచి స్టేషన్ ఘన్‌పూర్ దిక్కు పోయినం. సారయ్య స్టీరింగ్ మీద, నేను పక్క సీట్ల.

ఊరి చుట్టుపక్కల బండికి ఏ ఇబ్బందీ లేదు. ఆ రోడ్డు మీద చాలా సేపు పోయినంక నేను న్యూట్రల్ చేయమన్న. మామూలుగ అయితే అంబాసిడర్ బరువు బండి, న్యూట్రల్‌ల కూడ దూరం ఉరుకుతది. అది అడుగడుగుకు మెల్లగైంది. కాలిన లైనర్ల కమురు వాసన లోపలికి వచ్చింది. ఇంకొంచెం పోనిచ్చి పక్కకు ఆపమన్న. ఆపమనేది ఏముంది, అదే ఆగింది.

దిగి డ్రమ్ముల మీద నీళ్లు చల్లితే నాలుగింటి మీదా చుర్రుమన్నయి. ఇది పెద్ద సాక్ష్యం. హ్యాండ్‌బ్రేక్ పట్టుకుంటే వెనుక రెండే కాలాలె. ఒక చక్రంల లోపముంటే అది ఒక్కటే కాలాలె. నాలుగూ ఒక్క తీరుగ కాలుతున్నయంటే రోగం నాలుగు ఇండ్లల్ల లేదు, నాలుగింటికి నల్లా ఇచ్చే ట్యాంకు కాడ ఉన్నది. పెడల్ మీద చెయ్యి పెట్టి చూస్తే రాయి లెక్క గట్టిగున్నది. అయినా పెడల్‌కు, మాస్టర్ సిలిండర్‌కు నడుమ ఉండాల్సిన సందు ఉన్నది. పెడల్ వెనక్కి వచ్చి కూసున్నది, అయినా ఒత్తిడి మాత్రం లోపలనే ఉండిపోయింది.

సారయ్య బానెట్ ఎత్తి అలవాటు కొద్దీ మూత మీద చెయ్యి వెయ్యబోయిండు. ముట్టవద్దని గట్టిగ అన్న. ముందు చక్రం జాకీ మీద లేపి ఇద్దరం కలిసి తిప్పితే కదలలేదు. అప్పుడు నేను మూతను తీయకుండ, కొంచెమే వదులు చేసిన. ఇస్స్ అని చప్పుడు. ఆయిల్ అంచు పొంగి నా వేళ్ల మీదికి వచ్చింది. చక్రాన్ని ఒంటి చేత్తో తిప్పితే గిర్రున తిరిగింది. అల్‌హమ్దులిల్లా అనుకున్న. నా సర్వీసుల అంత ఖుషీ అయిన ఘడియలు తక్కువ.

ఆ మూతకు సన్నని బెజ్జం ఉంటది. వేడికి ఆయిల్ పొంగుతది, చల్లబడితే తగ్గుతది. అప్పుడు గాలి వచ్చి పోయేటందుకే ఆ బెజ్జం. ఈ మూత మీద బెజ్జం కనబడలేదు. దాని మీద గంధం, గంధం నడుమ కుంకుమ, ఎండి సిమెంటు లెక్క గట్టిపడి ఉన్నది. దసరాకు బండికి పూజ చేసినప్పుడు పెట్టిన బొట్టు అది. దానికి తోడు డబ్బా అంచు దాక ఆయిల్ నింపి ఉన్నది. పొంగేటందుకు జాగ లేదు, గాలి పోయేటందుకు తొవ్వ లేదు. దూరం పోతే ఇంజను వేడికి, డ్రమ్ముల వేడికి ఆయిల్ పొంగి తనంతట తనే బ్రేకు వేస్తున్నది. బ్రేకు పట్టుకుంటే డ్రమ్ములు ఇంకా వేడి, ఆ వేడికి ఇంకా పట్టుడు. నిలబెట్టి చల్లబరిస్తే వదులుడు.

ఇంతమంది కంట్ల ఎట్ల పడలేదంటే, దసరా పోయి నెల దాక మా దగ్గర బొట్టు లేని బండి ఉండదు. రేడియేటర్ మూతకు బొట్టు, బ్యాటరీకి బొట్టు, స్టీరింగ్‌కు బొట్టు. నా షెడ్డులో కూడ ఫిట్టర్లు బెంచీ వైస్‌కు, పానాలకు పూజ చేస్తరు, బెల్లం పంచుడు నా చేతుల మీదనే జరుగుతది. ఆ పచ్చదనం, ఎర్రదనం మా కండ్లకు ఆనకుండ అలవాటైపోయింది. మళ్ల ఆయిల్ సంగతి కూడ అంతే. ఆయిల్ తక్కువున్నదన్న మాట పడొద్దని ప్రతి మెకానిక్ బండి అప్పగించేటప్పుడు డబ్బా నిండ పోస్తడు. అట్ల ప్రతి పరీక్ష అయినంక రోగం కొత్తగ మొదలైతున్నది.

అయితే సంతోషం ఎంతో సేపు నిలవలేదు. పూజ చేసేది ఎవరు? డ్రైవరే కదా. కావాలని ఆపిండన్న అభియోగం పోయినా, నిర్లక్ష్యంతో బ్రేకులు పాడుచేసిండన్న ఇంకో అభియోగం దాని జాగల వచ్చి కూసుంటది. ఫైలు ఆపేటందుకు అదీ సరిపోతది. నాకు పరేషాన్ అయింది. సారయ్యను సూటిగ అడిగిన, బొట్టు ఎప్పుడు పెట్టినవని.

"నేనా సార్?" అన్నడు. "దసరా నాడు నేను టెంట్ల ఉన్న. తాళాలు సమ్మె మొదటినాడే ఆఫీసుల ఇచ్చిన. ఇన్నేండ్లల్ల ఈ బండికి నా చేతుల మీద పూజ జరగంది ఈ ఒక్క యేడే. గదే నాకు రంది."

ఇద్దరికీ అర్థమైంది. సమ్మె అన్ని దినాలు బండి, ఆఫీసుల ఇచ్చిన తాళం ఈఈ గారి బంగళా కాడనే ఉన్నయి. సారయ్య, అమ్మగారు, అంటే ఈఈ గారి భార్య, భక్తి గల మనిషని, పొద్దుగాల డ్యూటీకి పోతే టిఫిన్ పెట్టకుండ ఏనాడూ పంపలేదని, ఆమె పేరు కాయిదంల రావద్దని అన్నడు. తన పని పోయే కాడికి వచ్చినా ఆ మనిషికి ఆ రంది పట్టింది. నాకు కోపం కూడ వచ్చింది, గౌరవం కూడ కలిగింది. సాంకేతిక నివేదికలో కారణం రాస్తం గని, ఎవరి చెయ్యో రాసే పద్ధతి లేదని చెప్పిన. అది నిజమే.

ఇంకో ఇబ్బంది ఉండె. నేను కూడ సమ్మెలో కూసున్నోన్నే, జనగామ టెంట్ల నా ఫోటోలు కూడ పేపర్ల వచ్చినయి. నేను ఏం రాసినా తెలంగాణ ఫోర్‌మన్ తెలంగాణ డ్రైవర్‌ను కాపాడిండన్న మాట వస్తది. అందుకే తిరిగి వచ్చినంక మూత మీది గంధం గీకకుండ, ఆయిల్‌ను ఎట్లుండెనో అట్లనే అంచు దాక నింపి, అదే మూత బిగించి, ఈఈ గారికి ఫోన్ చేసిన. నివేదిక రాసే ముందు మీరొకసారి వచ్చి చూడాలె సార్ అని అడిగిన. ఆయనకు ఇష్టం లేకున్నా ఒప్పుకున్నరు. తెల్లారి ఇంకో జీపుల వచ్చిండ్రు.

ఆయనను చూసుడు నాకు అదే మొదటిసారి. ఇస్త్రీ మడత చెదరని మనిషి, మాట మెత్తన, చూపు గట్టిది. కారు తాళం ఆయన చేతికే ఇచ్చిన. మీరే నడపుండ్రి, నేను పక్కన కూసుంట, సారయ్య వెనుక కూసుంటడు, బండి ఆగితే మీ కాలు కింద ఆగాలె అన్న. ఆయన నా మొహం దిక్కు ఒకసారి చూసి స్టీరింగ్ మీద కూసున్నరు.

అదే తొవ్వ. ఊరు దాటేదాక ఆయన మొహంలో ఏమీ లేదు. కొంత దూరం పోయినంక ఎక్సలేటర్ ఇంకొంచెం తొక్కిండ్రు. మళ్ల ఇంకొంచెం తొక్కిండ్రు. బ్రేకు మీద తన కాలు ఉన్నదా అని కిందికి చూసుకున్నరు. లేదు. ఆ తర్వాత బండి ఆగిపోయింది. ఆయన గేరు మార్చి రేసు చేసిండ్రు, మళ్లీ చేసిండ్రు. ఇంజను గుర్రుమన్నది గని చక్రం జరగలేదు.

చక్రం లేపి ఆయన చేతనే తిప్పించిన. తిరగలేదు. బానెట్ ఎత్తి ఆ మూతను కొంచెం వదులు చేయమన్న. చేసిండ్రు. ఇస్స్ అని గాలి, పొంగిన ఆయిల్. మళ్ల చక్రం తిప్పమన్న. తిరిగింది. ఇగ నేను వివరించే అవసరం రాలేదు. ఆయన సివిల్ ఇంజనీరు, తూములు, గేట్లు, నీళ్ల ఒత్తిడి లెక్కల మీదనే బతుకంత గడిపిన మనిషి. మూసిన డబ్బాలో వేడెక్కిన ఆయిల్ ఏం చేస్తదో నాకంటే ఆయనకే ఎక్కువ తెలుసు. మూత పూర్తిగ విప్పి పైకి పట్టుకొని బెజ్జం కోసం ఎతికిండ్రు. గంధాన్ని గోటితో గీరిండ్రు. గీరిన వేలును వాసన చూసుకున్నరు.

"ఇది మా ఇంట్లో తీసిన గంధమండీ," అన్నరు నాతోని. "డ్రైవర్ లేడని ఆ రోజు నేనే దగ్గరుండి పూజ చేయించాను. పండుగ పూట ఏదీ వెలితిగా ఉండకూడదని ఆయిలూ నేనే నింపాను."

తర్వాత సారయ్య దిక్కు తిరిగి మెమో వెనక్కి తీసుకుంటున్నానని, ఆఫీసులో అందరి ముందర ఇదే మాట చెప్తానని అన్నరు. సారయ్య తల వంచుకొని నిలబడి ఉన్నడు. కండ్లల్ల నీళ్లున్నయి. వాటిని తుడుచుకొని ఒక్క మాట అన్నడు.

"అమ్మగారికి మాత్రం చెప్పకుండ్రి సార్. పాపం, మంచిగనే పెట్టింది."

ఈఈ గారు నవ్విండ్రు. నవ్వుకుంటనే కండ్లద్దాలు తీసి తుడుచుకున్నరు. నేను సూదితో మూత బెజ్జం తెరిచి, డబ్బాలో ఆయిల్ గీత కాడికి తగ్గించి, బిగించిన. అక్కడి నుంచి వరంగల్ దాక పోయి తిరిగి జనగామ వచ్చినం, ఈసారి సారయ్య నడిపిండు. ఒక్క చక్రం వెచ్చబడితే ఒట్టు.

షెడ్డుల కూసొని నివేదిక రాసిన. బ్రేక్ ఆయిల్ డబ్బా మూత గాలి రంధ్రం పూజా ద్రవ్యంతో మూసుకుపోయినందున, వేడికి ఒత్తిడి పెరిగి బ్రేకులు వాటంతట అవే పట్టుకున్నయి, డ్రైవర్ చర్య ఏదీ కారణం కాదు అని. ఈఈ గారు చదివి, పూజ చేసింది ఎవరో ఎందుకు రాయలేదని అడిగిండ్రు. అట్ల రాసే పద్ధతి లేదన్న. ఆయన నా చేతిల పెన్ను తీసుకొని నా సంతకం కింద, పూజ చేసినదీ ఆయిల్ నింపినదీ తానేనని రాసి సంతకం పెట్టిండ్రు. ఉద్యమం రోజుల్ల ఆ ప్రాంతమోళ్లు ఈ ప్రాంతమోళ్ల గురించి, ఈ ప్రాంతమోళ్లు ఆ ప్రాంతమోళ్ల గురించి ఎన్నో అనుకున్నం. నా సర్వీసు మొత్తంల నా నివేదిక కింద తన తప్పు తానే రాసి సంతకం పెట్టిన అధికారి మాత్రం ఆయన ఒక్కరే. సారయ్య ఫైలు ఆగలేదు. పర్మనెంట్ అయిండు, పెన్షన్‌తోటి రిటైరైండు.

ఆ బండి రోగం పట్టుకున్నందుకు నాకు గర్వం ఉన్నది, దాచుకునేది ఏం లేదు. అయితే దాని నుంచి నేర్చుకున్నది పని పద్ధతి. వేడి మీద వచ్చే లోపాన్ని వేడి మీదనే చూడాలె. మూత తీసినా, నట్టు వదులు చేసినా బండి స్థితి మారిపోతది, కాబట్టి ముట్టక ముందే చూడాల్సింది చూడాలె. అన్నిటికంటే ముఖ్యం, లోపం కనబడలేదు అన్న మాట వేరు, లోపం లేదు అన్న మాట వేరు. మొదటిది మెకానిక్ గురించి చెప్పే మాట. రెండోది బండి గురించి చెప్పే మాట, దాని కింద ఒక మనిషి అన్నం ఉంటది. నేను రిటైరయ్యేదాక మా షెడ్డు నుంచి ఆ రెండో మాట రాసిన కాయిదం, బండిని రోడ్డు మీద వేడెక్కేదాక నడిపి చూడకుండ ఒక్కటి కూడ బయటికి పోలేదు.